ఛాయాచిత్ర వృత్తి – రాజా దీనదయాళు జీవితము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయోత్సవములలో కవులను గూర్చియు, దేశనాయకులను గూర్చియు ఉపన్యాసములు జరుగుట పరిపాటి. ఒక వృత్తిని గూర్చియు, ఆ వృత్తితో జీవించిన ఒక మనుష్యుని గూర్చియు ప్రసంగించుట అంత తరచుగా జరుగదు. కాని చదువు ముగించిన యువకుల నోట నేడు వినవచ్చు కోరికలలో ఫోటోగ్రాఫరు కావలెనన్నది యొకటి. తల్లిదండ్రులు ఆ మాట విని, "అది కూడ ఒక బ్రతుకు తెరువేనా?" అని నిట్టూర్తురు. కుమారుడు "మంచి కెమెరా కొనియిచ్చిన చాలు" అనును. ఇరువురి మాటయు సరికాదు. ఆ వృత్తితో గౌరవముగా బ్రతుకవచ్చునని తల్లిదండ్రులును, దానికి కెమెరా యొక్కటియే చాలదని కుమారుడును గ్రహించుటకు తగిన జీవిత చరిత్ర యొకటి తెలుగు గడ్డమీదనే, సికిందరాబాదు హైదరాబాదు నగరములలోనే పండినది. అది రాజా దీనదయాళు చరిత్ర.

ముందుగా ఆ కాలమునాటి ఛాయాచిత్ర కళ యెట్టిదో తెలిసికొనవలెను. ఫ్రాన్సు దేశస్థుడగు డాగెరు కనుగొనిన పద్ధతి 1839వ సంవత్సరమున పారిసు నగరమున ప్రకటితమైనది. పదునైదేండ్లు గడచునంతలో ఆ విద్య మన దేశమున వేళ్లూనినది. 1854లో బొంబాయియందును, 1856లో మద్రాసు, కలకత్తాలయందును ఛాయాచిత్ర సంఘములు వెలసినవి. 1851లో ఇంగ్లండునందు ఆర్చరు అను నతడు గాజుపలకపై చిత్రమును గ్రహించు తడిపలక పద్ధతిని వెల్లడించెను. దీనదయాళు ఈ విద్యలో అడుగుపెట్టునాటికి వ్యాప్తిలో నున్నది ఆ పద్ధతియే.

అందలి శ్రమ నేటివారి యూహకు అందదు. గాజుపలకను మరక లేకుండ తుడిచి, దానిపై కొలోడియన్ అను జిగురు ద్రవమును ఒక్క తీరున పారునట్లు పోయవలెను. చీకటి డేరాలో దానిని వెండి లవణపు నీట ముంచి తీసి, తడి యారకముందే కెమెరాలో నుంచి చిత్రమును గ్రహింపవలెను. వెంటనే మరల డేరాలో దూరి, మందునీళ్లు పోసి బొమ్మను తేల్చవలెను. ఈ పనియంతయు కొలది నిమిషములలో ముగియవలెను. చలిదేశములలోనే కష్టమైన యీ పని, మన దేశపు ఎండలలో మరింత కష్టము. జిగురు ఇట్టే యారిపోవును. ధూళి వచ్చి పలక కంటుకొనును. మంచినీరు దొరకదు. చిత్రమును పెంచి అచ్చువేయు సౌకర్యము సులభముగా లేని దినములగుటచే, ఎంత పెద్ద చిత్రము కావలెనో అంత పెద్ద గాజుపలకను మోసికొనిపోవలెను. కోటను చిత్రింపదలచినవాడు కెమెరాతోపాటు పలకల పెట్టెలను, మందుల సీసాలను, డేరాను, నీటికుండలను బండ్లమీదను కూలీల తలలమీదను ఆ కోటదాక చేర్చవలసి యుండెను. అంతయు చేసిన పిమ్మట పలక పగిలిన, శ్రమయంతయు వ్యర్థమే.

ఇట్టి విద్యను చేపట్టిన దీనదయాళు 1844లో మీరటు సమీపమునందలి సర్ధానా గ్రామమున, రత్నవర్తకులగు జైనుల యింట జన్మించెను. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందూరు నగరమున పబ్లిక్ వర్క్సు శాఖయందు అంచనాలు కట్టు పనికిని, పటములు గీయు పనికిని ప్రధానోద్యోగిగా చేరెను. కళాశాలలో నేర్చినది కొలత, రేఖ, కట్టడపు పొందిక. ఆయన తీసిన కోటల చిత్రములను, దేవాలయముల చిత్రములను చూచిన, ఎచ్చట నిలిచిన గోడ నిటారుగా కానవచ్చునో, ఏ వేళ నీడ శిల్పమును తేటపరచునో ఎరిగిన చేయి తెలియుచుండును. ముందు నేర్చిన విద్య తరువాతి వృత్తికి పునాదియైనది.

ఆయన కెమెరా పట్టినది 1874 ప్రాంతమున. అప్పటికి ముప్పది యేండ్లవాడు, సర్కారు జీతగాడు. మధ్య భారతమున గవర్నరు జనరలు ప్రతినిధిగా నుండిన సర్ హెన్రీ డేలీ ఆయన చిత్రములను చూచి ప్రోత్సహించెను. 1875–76లో వేల్సు యువరాజు భారతదేశ యాత్రకు వచ్చినప్పుడు చిత్రములు తీయు అవకాశము లభించెను. 1882లో డేలీ తరువాతి అధికారులలో నొకరగు సర్ లెపెల్ గ్రిఫిన్ బుందేలుఖండు ప్రాంతమున పర్యటించుచు ఆయనను వెంట తీసికొనిపోయెను. గ్వాలియరు, సాంచి మొదలగు తావుల ప్రాచీన కట్టడముల చిత్రములతో కూడిన గ్రిఫిన్ గ్రంథము 1886లో ప్రకటింపబడెను. 1885లో రాజప్రతినిధి డఫ్రిన్ ప్రభువు తన ఛాయాచిత్రకారునిగా దీనదయాళును నియమించెను.

ఇచ్చట యువకులు గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఆయన కెమెరా పట్టిన మరునాడే ఉద్యోగమును వదలలేదు. పదియేండ్లకు పైగా జీతము తెచ్చు పనిని చేయుచునే, సెలవు దినములలోను, దొరకిన వ్యవధిలోను ఈ విద్యను సాధించెను. పని దానంతట అదే పోషింపగలదని స్థిరపడిన తరువాతనే సర్కారు కొలువునుండి తొలగెను. సాహసమునకును తొందరపాటునకును గల భేదము ఇదియే.

కొలువు వదలిన పిమ్మట ఆయన తన స్థావరముగా సికిందరాబాదును ఎన్నుకొనెను. ఆ యెన్నిక యందును లోకజ్ఞానము కలదు. సికిందరాబాదు దండు పట్టణము. స్వదేశమునకు చిత్రములు పంపవలెనని ఆశపడు ఆంగ్ల సైనికాధికారులును వారి కుటుంబములును అచ్చట నివసించుచుండిరి. హుస్సేను సాగరమునకు ఆవల హైదరాబాదునందు నిజాము దర్బారును, సంపన్నులగు అమీరుల దేవిడీలును ఉండెను. ఒకే తావున రెండు తరగతుల పోషకులు. ఆరవ నిజాము మహబూబు అలీఖాను ఆయనను తన ఆస్థాన ఛాయాచిత్రకారునిగా చేసికొని, 'ముసవ్విర్ జంగు', 'రాజా బహద్దరు' బిరుదములతో సత్కరించెను. 'ముసవ్విర్' అనగా చిత్రకారుడు. విక్టోరియా రాణినుండియు ఆయనకు నియామక పత్రము లభించెను. 1893లో చికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమున ఆయన చిత్రములకు బహుమానము వచ్చెను.

ఆయన తీసినవి ప్రభువుల ముఖములు మాత్రమే కావు. చార్మినారు వీధులు, గోలకొండ, ఫలక్‌నుమా ప్రాసాదపు గదులు, సైన్య విన్యాసములు, వేటలు ఆయన పలకలపై నిలిచినవి. 1902లో కర్జను ప్రభువు దంపతులు వరంగల్లు ప్రాంతమున నెకొండ చెంత వేటాడి, చంపిన పులితో నిలిచియున్న చిత్రము నేటికిని లోకప్రసిద్ధము. నిజాము రాజ్యమున కరవు వచ్చినప్పుడు జరిగిన సహాయ కార్యములను గూడ ఆయన చిత్రించెను. ప్రభువు పులిని చంపిన చిత్రమును, పేదకు గంజి దొరకిన నాటి చిత్రమును ఒకే సంస్థనుండి వెలువడినవి. చరిత్ర చదువువానికి ఈ రెండును కావలెను.

ఆయన బుద్ధి సూక్ష్మతకు గొప్ప నిదర్శనము 1892లో హైదరాబాదున తెరచిన జనానా స్టూడియో. ఆ కాలమున ఘోషా స్త్రీలు పరపురుషుని యెదుట నిలువరు. అందువలన ఎన్నియో సంపన్న గృహములలో పురుషుల చిత్రములు గోడలనిండ నుండగా, తల్లి చిత్రము గాని భార్య చిత్రము గాని ఒకటైనను లేకుండెను. ఇతరులు దీనిని ఆచారమని విడిచిపెట్టిరి. దీనదయాళు ఆ యాచారమును ధిక్కరింపలేదు. దానిని గౌరవించుచునే దారి కనుగొనెను. ఎత్తైన గోడలు కట్టించి, లోపల స్త్రీలే పనిచేయునట్లు ఏర్పరచి, కెన్నీ లెవిక్ అను ఆంగ్ల వనితను దానికి అధికారిణిగా నియమించెను. పోషకుని సంకోచమును తెలిసికొని దానిని తీర్చుటయే వ్యాపార నీతి. ఆ నీతివలన, చిత్రములకెక్కక మరుగునపడి యుండవలసిన స్త్రీల ముఖములు కొన్నియైనను నిలిచినవి.

1896లో బొంబాయియందు మరియొక స్టూడియో తెరచెను. కుమారులు జ్ఞానచందు, ధర్మచందు తండ్రికి తోడైరి. ఇంత పని ఒక చేతితో నడచునది కాదు. పలకలు సిద్ధపరచువారు, గుడ్డులోని తెల్లసొన పూసిన కాగితములపై ఎండలో అచ్చులు తీయువారు, పెన్సిలుతో నెగటివులు దిద్దువారు, రంగులు వేయువారు, లెక్కలు వ్రాయువారు, ఇందరి శ్రమ ఒక పేరు క్రింద వెలువడినది. కెమెరా వెనుక నిలిచినవానికి కీర్తి వచ్చును. చీకటిగదిలో చేతులు నల్లబడినవారి పేర్లు ఎవరికిని తెలియవు. వృత్తి గొప్పతనమును తలచునప్పుడు వారినిగూడ తలచుట న్యాయము.

ఇంతవరకు అభ్యుదయము. తరువాతి భాగమునుగూడ చెప్పకున్న చరిత్ర సగమే యగును. 1904లో ధర్మచందు మరణించెను. 1905 జూలై 5వ తేదీన దీనదయాళు కాలధర్మము చెందెను. 1911లో ఆరవ నిజాము గతించెను. కొడుకు, తండ్రి, ఆదరించిన ప్రభువు ఏడేండ్లలో వెళ్లిపోయిరి. జ్ఞానచందు సంస్థను నడపెను గాని, పూర్వపు వైభవము మరల రాలేదు. దర్బారు ఆదరణతో పెరిగిన చెట్టు దర్బారు నీడ తొలగగానే వాడినది. ఒక్క పోషకునిపై, అతడు రాజైనను సరే, సంపూర్ణముగా ఆధారపడిన వృత్తికి ఈ ప్రమాద మెప్పుడును కలదు. నేడు ఒక్క కల్యాణ మండపము నమ్ముకొనిన ఫోటోగ్రాఫరు స్థితియు ఇట్టిదే.

రాజులు లేని కాలమున ఈ వృత్తి యెట్లు నిలుచునని అడుగువారికి హొమాయ్ వ్యారావాలా జీవితమే సమాధానము. ఆమె 1913లో గుజరాతునందలి నవసారిలో పారశీకుల యింట పుట్టెను. తండ్రి ఊరూర తిరుగు నాటక సమాజములో నటుడు. బొంబాయిలో చదువుకొని కెమెరా పట్టిన ఆమె తొలి చిత్రములు భర్త పేరుతో అచ్చయినవి. స్త్రీ తీసిన చిత్రమన్న పత్రికలవారు నమ్మని దినములవి. 1942లో ఢిల్లీ చేరి, స్వాతంత్ర్యోదయమును, ఆ తరువాతి దేశనాయకుల జీవితములను చిత్రించి, భారతదేశమున తొలి మహిళా పత్రికా ఛాయాచిత్రకారిణిగా పేరొందెను. తోటివారి ప్రవర్తనలో మర్యాద తగ్గినదని తోచినప్పుడు 1970లో కెమెరాను వదలివేసెను. 2011లో ప్రభుత్వము పద్మవిభూషణ బిరుదము నిచ్చెను. మరుసటి సంవత్సరమే ఆమె కాలము చేసెను. ఆమెకు దర్బారు లేదు. సమయమునకు చేరుట, అవసరమునకు మించి ముందుకు తోసికొనకుండుట, పట్టుదల — ఇవియే ఆమె మూలధనము.

ఇక నేటి సంగతి. ప్రతివాని చేతిలోను ఫోనున్నది, దానిలో కెమెరా యున్నది; ఇంక ఫోటోగ్రాఫరు నెవరు పిలుతురని పలువురు సందేహింతురు. ఇది క్రొత్త భయము కాదు. 1888లో అమెరికాలో ఈస్టుమను అను నతడు నూరు చిత్రములకు సరిపడు ఫిల్ముచుట్టతో కొడాక్ కెమెరాను అమ్మెను. మీట నొక్కుట తప్ప కొనినవానికి వేరు పని లేదు. 1900లో ఒక డాలరు వెలకే బ్రౌనీ కెమెరా వచ్చెను. వృత్తివారి పని ముగిసినదని అప్పుడును అనుకొనిరి. దీనదయాళు బొంబాయి స్టూడియో తెరచినది కొడాక్ వచ్చిన ఎనిమిదేండ్లకు. వృత్తి చావలేదు. యంత్రమును నమ్ముకొని మారలేనివారు మాత్రము నష్టపడిరి. ఆ కొడాక్ సంస్థయే డిజిటలు కాలమునకు తగినట్లు మారలేక 2012లో దివాలా రక్షణను కోరవలసి వచ్చెను.

ఫోను ఉన్నవారందరు చిత్రములు తీయుదురు. కాని పెండ్లిలో మాంగల్యధారణ క్షణము మరల రాదు. బంధువులందరు ముందుకు త్రోసికొని వచ్చు ఆ నిమిషమున, పొగలోను దీపకాంతిలోను, వధువు ముఖమును వరుని చేతులను ఒక్కసారిగా పట్టి ఇయ్యగలవానికే ఇంటిపెద్ద కూలి ఇచ్చును. ఆ కూలి యంత్రమునకు కాదు, తప్పిపోదను నమ్మకమునకు.

ఈ వృత్తిలో ప్రవేశింపగోరు యువతీయువకులు పాటింపదగిన విషయములు కొన్ని కలవు. అప్పుచేసి విలువగల కెమెరా కొనుటకు ముందు, అనుభవశాలి యొద్ద రెండు మూడు పెండ్లికాలములు సహాయకునిగా నుండి దీపములు పట్టవలెను, సామాను మోయవలెను. క్రమముగా చదువదలచినవారికి హైదరాబాదునందలి జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు లలితకళల విశ్వవిద్యాలయమున ఛాయాచిత్ర కళలో పట్టపు చదువు కలదు. ఆషాఢమునను మూఢమునను ముహూర్తములు లేవు. ఆ దినములలో ఆదాయమును లేదు. కనుక శ్రావణమున వచ్చిన ధనము ఆ శ్రావణముననే ఖర్చుపెట్టరాదు. పాఠశాల చిత్రములు, దరఖాస్తులకు కావలసిన చిత్రములు, పత్రికలకు పంపు చిత్రములు, పాత చిత్రములను బాగుచేయు పని మొదలగు వాటిని ప్రక్కన నిలుపుకొనవలెను. ఎన్ని చిత్రములు, ఎప్పటికి, ఎంత సొమ్మునకు అను విషయమును ముందుగా కాగితముపై వ్రాసికొనవలెను. బంధువైనను, స్నేహితుడైనను ఈ నియమమును తప్పరాదు. పెండ్లికి రెండవ కెమెరాను తీసికొనిపోవలెను. తీసిన చిత్రములను ఆ రాత్రియే రెండు చోట్ల భద్రపరుపవలెను. అనుమతి లేనిదే స్త్రీల చిత్రములను గాని, పిల్లల చిత్రములను గాని బయట పెట్టరాదు. జనానా స్టూడియో గోడలు నేడు లేవు. ఆ గోడ ఫోటోగ్రాఫరు మనస్సులో నుండవలెను.

భద్రపరచుట యను మాట గ్రంథాలయమునకును సంబంధించినదే. దీనదయాళు బిరుదములు పోయినవి, దర్బారు పోయినది, స్టూడియోలు పోయినవి. గాజుపలకలు నిలిచినవి. ఆయన చిత్రములు పెక్కింటిపై సంఖ్యయు, స్థలము పేరును వ్రాయబడి యుండుటవలన, అవి ఎచ్చటివో నూరేండ్ల తరువాతను చెప్పుటకు వీలైనది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 2,857 గాజు నెగటివులను సేకరించి కాపాడుచున్నది. 2006లో తపాలా శాఖ ఆయన పేర స్మారక బిళ్లను వెలువరించినది. వృత్తి వైభవము వాడిపోయినను పని నిలిచినది. పని నిలిచినది కనుకనే పేరు నిలిచినది.

మన పల్లెల సంగతి యేమి? ఇంటింటను ఇనుప పెట్టెల అడుగున పాత ఫోటోలున్నవి. తెరముందు కుర్చీలో కూర్చున్న తాత, ప్రక్కన నిలిచిన అవ్వ, బడి వార్షికోత్సవము, వరద వచ్చిన యేడు చెరువుగట్టు, ఊరికి మొదట బస్సు వచ్చిన దినము. వాటి వెనుక పేరు లేదు, సంవత్సరము లేదు. వారిని ఎరిగిన ముదుసలి పోయిన దినముననే ఆ ఫోటోలోనివారు అనామకులగుదురు. రాజుల ముఖములను కాపాడుటకు ఢిల్లీలో సంస్థలున్నవి. రైతుల ముఖములను, చాకలి మంగలి కుమ్మరి సాలెల ముఖములను కాపాడుటకు ఊరి గ్రంథాలయము తప్ప మరి దిక్కు లేదు.

రజతోత్సవము జరుపుకొనుచున్న గ్రంథాలయము ఈ పనికి పూనుకొనుట మిక్కిలి సముచితము. ఊరివారి పాత ఫోటోలను అడిగి తెచ్చి, నకళ్లు తీసికొని, అసలు ప్రతులను భద్రముగా తిరిగి ఇయ్యవలెను. వృద్ధులను కూర్చుండబెట్టి ఒక్కొక్క ముఖమునకు పేరు చెప్పించుకొని, సిరాతో కాక మెత్తని పెన్సిలుతో వెనుకవైపు సన్నగా వ్రాయవలెను. సిరా కాలక్రమమున ముందువైపునకు ఊరును. జిగురుతో అంటింపరాదు. చెమ్మకును, చెదలకును దూరముగా నుంచవలెను. ఒక నోటుపుస్తకమున వరుస సంఖ్య వేసి వివరములు వ్రాసిన, ఖర్చు స్వల్పము, ఫలము తరతరములకు. ఈ పనిని ఫోటోగ్రాఫరు కాగోరు యువకునకే అప్పగించిన, అతనికి విద్యయు అలవడును, ఊరికి సేవయు జరుగును.

వెండి లవణము వెలుతురు సోకి నల్లబడుటయే ఛాయాచిత్ర విద్యకు మూలము. వెండి పేరుతో జరుగు ఈ యుత్సవము ఆ విద్యకు ఊరిలో చోటు చూపినచో, స్వర్ణోత్సవము నాటికి ఈ గ్రంథాలయమున పుస్తకములతోపాటు ఊరి ముఖములును పేర్లతో సహా పదిలముగా నుండగలవు. గ్రంథాలయము దినదినాభివృద్ధి చెందుగాక!